బాపు భుజం, బండి స్టీరింగు

కారు సంగతి రాస్తున్నాను గదా అని నన్ను శ్రీమంతుల బిడ్డగా లెక్కగట్టవద్దని మిత్రులకు ముందే మనవి. మా సిరికొండ వైపు ఒక ఇంటి ముందర కారు ఆగి ఉన్నదంటే, ఆ ఇంట్లో ఎవరో ఒకరు గల్ఫు ఎండకు మాడి వచ్చారని చాలాసార్లు అర్థం. మా బాపు పద్నాలుగేండ్లు దుబాయిలో డ్రైవరుగా చేశాడు. తిరిగి వచ్చినాక, చేతిలో మిగిలిన డబ్బుతో ఒక పాత డీజిలు కారు కొన్నాడు. నానమ్మను కండ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయినా, ధర్పల్లి మీదుగా నిజామాబాదుకు పెండ్లి బట్టలకు పోయినా మాకు అదే రథం.

నిరుడు చలికాలం నుంచి బాపు బండి తీయడం తగ్గించాడు. ఎక్కడికన్నా "బస్సుల పోదాం తియ్యి" అనేవాడు. ఒకనాడు వాకిట్లో వేపచెట్టు కింద బండి మలపబోయి, రెండుసార్లు ఆపి, దిగి తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"నా భుజం అయిపోయింది బిడ్డా. అక్కడనే అరిగిపోయింది. బండి అమ్మేద్దాం."

ఆ రాత్రి అమ్మ నువ్వుల నూనె కాచి ఆయన భుజానికి రాస్తుంటే, బాపు గోడవైపు తిరిగి పడుకున్నాడు. చక్రం పట్టి ఇల్లు నడిపిన మనిషి నోట ఆ మాట వినడం నాకు కష్టమనిపించింది.

మరునాడు బండి మలుపుదామని నేనే కూర్చున్నాను. స్టీరింగు కదిలితే ఒట్టు! ఇరవై ఏండ్ల వాణ్ణి, నా భుజాలకేమైంది? అప్పుడు వెలిగింది బుర్రలో: అరిగింది బాపు గాదు, బండిలోనే ఏదో ఉంది.

పట్నంలో ఒక మెకానిక్కుకు చూపిస్తే, చక్రం అటొకసారి ఇటొకసారి తిప్పి, "స్టీరింగు పెట్టె మొత్తం మార్చాలె, పద్దెనిమిది వేలు" అన్నాడు. నోట మాట రాక ఇంటికి వచ్చాను.

సంక్రాంతికి బోధన్ నుంచి మా మేనమామ వచ్చాడు. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడేదాకా అక్కడికి చెరకు లోడు తోలినవాడాయన. ఆ కాలపు లారీలకు పవర్ స్టీరింగు ఎక్కడిది? సైకిలు చక్రమంత స్టీరింగు పట్టుకొని, ఒళ్లంతా వంచి తిప్పేవారట. చక్రం పెద్దదైతే తక్కువ బలానికే తిరుగుతుంది గదా! "నిలవడ్డ బండి చక్రం తిప్పద్దు అల్లుడా, కొంచెం కదలనిచ్చి తిప్పాలె" అన్నది ఆయన మొదటి పాఠం.

ఇంతకీ ఈ పవర్ స్టీరింగు మర్మమేమిటి? అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు 1926లోనే దీన్ని చేసి చూపించాడు. మామూలు కార్లలోకి రావడానికి మాత్రం 1951 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడు క్రైస్లర్ ఇంపీరియల్‌లో దాన్ని అమర్చారు. మా బండిలో ఉన్నది ఆ ఆయిలు పద్ధతే. ఇంజనుకు తగిలించిన బెల్టు ఒక పంపును తిప్పుతుంది; పంపు ఆయిలును తోస్తుంది; ఆ ఆయిలు చక్రాలను మలుపుతుంది. మన చేయి దారి చూపుతుంది, బలం ఆయిలుది. ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి ఆయిలు లేదు, కరెంటు మోటారే. వాటికి బ్యాటరీ, ఫ్యూజులు ముందుగా చూసుకోవాలి.

"పెద్ద రోగం అనుకునే ముందు చిన్నవి చూడు" అన్నాడు మామ. మొదట ముందు టైర్లలో గాలి చూశాం, తక్కువుంది. నింపితే కొంచెం నయమయింది. తర్వాత వెనుక చక్రాలకు రాళ్లు అడ్డంపెట్టి, ముందుభాగం జాకీతో లేపి, కింద గట్టి దిమ్మలు పెట్టి, ఇంజను ఆపి స్టీరింగు తిప్పాం. ఈ కొస నుంచి ఆ కొసకు ఎక్కడా పట్టకుండా తిరిగింది. అంటే పెట్టె మంచిగనే ఉన్నది! లోపమల్లా సాయం అందకపోవడంలోనే.

బానెట్టు ఎత్తితే ఆయిలు డబ్బాలో గీతకు కింద నల్లటి మడ్డి. అందులో ఆయిలు పోస్తే మూడు రోజులు బండి నెమలిలా తిరిగింది, నాలుగో రోజు మళ్లీ మొండికేసింది. మామ నవ్వి, పైపులన్నీ గుడ్డతో తుడిచి, రాత్రి బండి కింద పాత పేపరు పరిచాడు. తెల్లారి పేపరు మీద రూపాయి బిళ్లంత మరక! దాని పైనే చూస్తే, ఆయిలు డబ్బాకు తిరిగివచ్చే పైపు పగిలి, క్లిప్పు వదులై ఉంది. ఆ చుక్కలే బెల్టు మీద పడి, బెల్టు జారుతున్నది. పొద్దున బండి తీసేటప్పుడు కీచుమని అరిచేది ఇందుకే.

కొత్త పైపు, క్లిప్పు, బెల్టు, బండి పుస్తకంలో రాసిన ఆయిలు, అన్నీ కలిపి రెండు వేలు దాటలేదు. బ్రేకు ఆయిలు మాత్రం పోయవద్దని మామ గట్టిగా చెప్పాడు, రబ్బరు సీళ్లు పాడైతాయట. ముందు చక్రాలు గాల్లో ఉండగానే, ఇంజను తీయకుండా స్టీరింగు ఈ కొస ఆ కొస మెల్లగా తిప్పుతూ, బుడగలు ఆగేదాకా ఆయిలు పోశాం. ఆ తర్వాతనే ఇంజను స్టార్టు చేశాం.

బాపును పిలిచాం. రానన్నాడు, వచ్చాడు. వేపచెట్టు కింద ఒక్క చేత్తో బండి మలిపాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. దిగి ఏమీ అనలేదు. నా భుజం మీద చేయి వేసి ఇంట్లోకి నడిచాడు.

ఆయనకు భుజం నొప్పి పూర్తిగా పోలేదు. అమ్మ ఇంకా నూనె కాస్తూనే ఉంది. అయితే బండి అమ్మే మాట మళ్లీ మా ఇంట్లో వినపడలేదు.

మిత్రులారా! మన పెద్దవాళ్లకు తప్పంతా తమ ఒంటి మీదే వేసుకోవడం అలవాటు. "నాతోని అయితలేదు" అని వాళ్లు అన్న రోజున, సరేనని తలూపకండి. ఒకసారి బానెట్టు ఎత్తి చూడండి.