కంట్రోల్ గ్రూప్

ఆఫీసులో నా పని ఏ/బీ టెస్టులు. బటన్ రంగు మారిస్తే ఎంతమంది నొక్కుతారు, ఎంతమంది విసుగొచ్చి వెళ్ళిపోతారు, ఇవే లెక్కలు. కొత్తది చూసేవాళ్ళు ఒక గుంపు, పాతదే చూసేవాళ్ళు కంట్రోల్. తాము కంట్రోల్‌లో ఉన్నామని వాళ్ళకి తెలియదు. నాకూ వాళ్ళు ఒక కాలమ్, అంతే.

నాన్నకి ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకి పాకింది. హార్మోన్ మందులు, కీమో అయ్యాక డాక్టరుగారు లుటీషియం చికిత్స మాటెత్తారు. ఆ రాత్రి కూర్చుని, 2021లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన విజన్ ట్రయల్ పేపర్ చదివా. మర్నాడు నాన్నకి చెప్పడం మొదలుపెట్టాను.

"ఈ క్యాన్సర్ కణాల మీద పీఎస్ఎంఏ అనే ప్రోటీన్ బాగా ఎక్కువుంటుంది. మందు దాన్ని వెతికి పట్టుకుంటుంది. మందు తోకకి కట్టిన రేడియోధార్మిక లుటీషియం ఆ చుట్టుపక్కల ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర కాలుస్తుంది."

ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన మనిషి. నవ్వారు. "లంకాదహనం అన్నమాట. మరి విభీషణుడి ఇల్లు?"

అదీ కొంచెం కాలుతుందని చెప్పాల్సొచ్చింది. లాలాజల గ్రంథులు కూడా ఈ మందుకి చిక్కుతాయి. ట్రయల్‌లో మందు తీసుకున్నవాళ్ళలో దాదాపు 39 శాతం మందికి నోరు ఎండిపోయింది.

తర్వాత అంకెలు. మొత్తం 831 మంది. మూడింట రెండొంతుల మందికి మామూలు చికిత్సతో పాటు ఈ మందు, మిగతా 280 మందికి మామూలు చికిత్సే. బతికిన కాలం మీడియన్ వీళ్ళకి 11.3 నెలలు, మందు తీసుకున్నవాళ్ళకి 15.3. తీసివేత మాత్రం చెయ్యలేదు. "మీడియన్ అంటే సగం మంది అంతకంటే ఎక్కువే ఉన్నారని," అన్నా.

"సరే, ఆ మందు రాని వాళ్ళేమయ్యారు?"

నేను దాటేసిన పేరా అదే. ఎవరికి ఏది పడిందో ఈ ట్రయల్‌లో దాచలేదు. మందు రాలేదని తెలిసిన నిరాశతో మొదట్లో కంట్రోల్ గ్రూపులో 56 శాతం మంది తప్పుకున్నారు. ట్రయల్ కేంద్రాల్లో గట్టిగా నచ్చజెప్పడం మొదలుపెట్టాక అది 16 శాతానికి దిగింది. నా రిపోర్టుల్లో ఇలాంటి దాన్ని డ్రాపాఫ్ అని రాసి వదిలేస్తాను. ఇక్కడ వెళ్ళినవాళ్ళు నాన్నలాంటి వాళ్ళు. ఉండిపోయినవాళ్ళూ అంతే.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "ఉండిపోయారు కాబట్టేగా, నాకు నాలుగు నెలలని నువ్వు చెప్పగలుగుతున్నావు."

నాలుగు అని నేను అనలేదు.

మొదటి డోసు వచ్చే గురువారం. ఆ తర్వాత ఆరు వారాలకొకటి. సోమవారం ఆఫీసులో రిపోర్టు తెరిచి, కంట్రోల్ కాలమ్ దగ్గర కాసేపు ఆగాను. సాయంత్రం ఇంటికెళ్తే నాన్న పాత ఫ్లాస్కు కడిగి బోర్లించి ఉంది. నోరెండితే పక్కన నీళ్ళుండాలి కదా అన్నారు.