క్రొత్త కంప్యూటరు నేర్పిన పాఠము

మన పాఠశాల వార్షిక సంచికకు ఏదేని యొక వ్యాసము వ్రాయుమని సంపాదకవర్గమువారు మమ్ము కోరిరి. విజ్ఞానమును గూర్చి వ్రాయుదమా, సత్ప్రవర్తనమును గూర్చి వ్రాయుదమా యని కొంత యాలోచించి, తుదకు ఈ సంవత్సరము మాకు సంభవించిన యొక చిన్న సంగతినే వ్రాయ నిశ్చయించితిమి. అందు విజ్ఞానమును కలదు; మాకు కొంత సిగ్గును కలదు. సిగ్గుపడవలసిన దానిని దాచినచో చదువరులకు ప్రయోజనము లేదు గనుక, జరిగినది జరిగినట్లే వ్రాయుచున్నాము.

జూన్ మాసమున పాఠశాల తెరచిన వారముననే మన కంప్యూటరు గదికి ఒక క్రొత్త కంప్యూటరు వచ్చెను. గదిలోని తక్కినవన్నియు పదేండ్లు దాటినవి. ధర తగ్గుటకై దీనిని ఆపరేటింగ్ సిస్టమ్ లేకయే కొని, విండోస్ 11 నకు లైసెన్సును వేరుగా తీసికొనిరి. ఆపరేటింగ్ సిస్టమ్ లేని కంప్యూటరు ఉపాధ్యాయుడు లేని తరగతివంటిది. అన్నియు నుండును గాని పని సాగదు. దానిని నెలకొల్పుటకు, ఇన్‌స్టాలరును ఒక పెన్ డ్రైవులోనికి ఎక్కించి, ఆ పెన్ డ్రైవునుండియే కంప్యూటరును మేలుకొలుపవలెను. ఈ పని మేము పూర్వము అనేక పర్యాయములు చేసినదే.

పెన్ డ్రైవును సిద్ధపరచు పనిని పదియవ తరగతి బాలు డొకనికి అప్పగించితిమి. అతడు మితభాషి, చేతిపనిలో నేర్పరి. రూఫస్ అను సాధనమును తెరచి, అతడు మమ్ము చూచి, "మాస్టారూ, ఇక్కడ ఎం.బి.ఆర్. అనియు జి.పి.టి. అనియు రెండు పద్ధతులున్నవి. ఇది తనంతట జి.పి.టి.నే చూపుచున్నది. అట్లే ఉంచుదునా?" అని యడిగెను. మేము తెరవైపు సరిగా చూడనైన చూడక, "ఇన్నేండ్లుగా ఎం.బి.ఆర్.తోనే చేయుచున్నాము. చెప్పినట్లు చేయుము" అంటిమి. అతడు మారు పలుకక అట్లే చేసెను.

పెన్ డ్రైవును క్రొత్త కంప్యూటరునకు తగిలించి మీట నొక్కితిమి. తెర వెలిగెను. ప్రారంభింపదగిన పరికర మేదియు లేదను అర్థము గల ఒక్క ఆంగ్ల వాక్యము కనబడి, అంతటితో నిలిచిపోయెను. ముందువైపు రంధ్రమునుండి తీసి వెనుకవైపు రంధ్రమున పెట్టితిమి. ఎఫ్ 12 మీట నొక్కి, ఏ పరికరమునుండి మేలుకొనవలెనో కోరుకొను పట్టికను తెరచితిమి. అందు పెన్ డ్రైవు పేరే లేదు. తరగతి యంతయు చూచుచుండెను. అభిమానముచేత మా ముఖము వేడెక్కెను. ఆ బాలునివైపు తిరిగి, "నీ అజాగ్రత్తవలననే ఇది చెడినది" అని గట్టిగా మందలించితిమి. అతడు తల వంచుకొని తన బల్లయొద్దకు పోయెను.

ఆ సాయంకాలము అదే పెన్ డ్రైవును ఒక పాత కంప్యూటరునకు తగిలింపగా, ఇన్‌స్టాలరు మొదటి తెర చక్కగా వచ్చెను. దీనిని బట్టి బాలుడు చేసిన పనిలో దోషము లేదని మేము గ్రహించియుండవలసినది. అట్లు గ్రహింపక, దోషము క్రొత్త యంత్రమునందే యున్నదని తలచితిమి. మరునాడు సెట్టింగులలో సెక్యూర్ బూట్ అనుదానిని తీసివేసితిమి, వరుస మార్చితిమి, త్వరగా మేలుకొను ఏర్పాటును ఆపితిమి. ఇవన్నియు ఒక్కసారిగా మార్చుటచేత ఏది యేమి చేసినదో మాకే తెలియదాయెను. తుదకు దుకాణమువారికి ఫోను చేసి, యంత్రము లోపము గలదియని చెప్పి, మార్చి యిమ్మని కోరితిమి.

మూడవనాటి సాయంకాలము మేమొక నోటు పుస్తకము ముందు పెట్టుకొని మరల మొదటినుండి ఆరంభించితిమి. మార్చినవన్నియు యథాస్థితికి తెచ్చి, ఒక్కొక్క పంక్తిని చదువుచు వ్రాసికొంటిమి. బూట్ పద్ధతి అను చోట యు.ఇ.ఎఫ్.ఐ. అను ఒక్క మాటయే యుండెను. పాత కంప్యూటరులలో అచ్చట లెగసీ అను మరియొక మాటయు నుండును. ఇందు అది లేదు. అప్పుడు ఆ బాలుడు అడిగిన ప్రశ్న మాకు జ్ఞప్తికి వచ్చెను.

విద్యార్థులకై దీని కారణమును కొంత వివరింతుము. మీట నొక్కగానే కంప్యూటరులో మొదట మేలుకొనునది మదర్ బోర్డులో నిలిచియుండు ఫర్మ్‌వేర్ అను చిన్న ప్రోగ్రాము. 1981లో వెలువడిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరులో దీనిని బయోస్ అనిరి. ఆ పద్ధతిలో ఫర్మ్‌వేర్ డిస్కునందలి మొట్టమొదటి 512 బైట్లను మాత్రము చదివి, వాని చివర నిర్ణీతమైన గురుతు ఉన్నచో, పని యంతయు అచ్చటి ప్రోగ్రామునకు అప్పగించును. ఎం.బి.ఆర్. అనునది ఆ మొదటి భాగమే. సాధారణమైన డిస్కులలో ఈ ఏర్పాటు సుమారు రెండు టెరాబైట్లకు మించిన చోటును లెక్కింపజాలదు.

ఇంటెల్ సంస్థవారు 1990ల చివరి భాగమున మరియొక పద్ధతిని ఆరంభించిరి. 2005లో అనేక సంస్థలు కూడి దానిని యు.ఇ.ఎఫ్.ఐ. అను పేర సాగించినవి. ఈ ఫర్మ్‌వేర్ మొదటి 512 బైట్లలోని ప్రోగ్రామును నడుపదు. ఫ్యాట్ అను ఏర్పాటు గల భాగమును వెదకి, అందు ఇ.ఎఫ్.ఐ. అను ఫోల్డరును, దానిలో బూట్ అను ఫోల్డరును, దానిలో బూట్ ఎక్స్ 64 అను ఫైలును కనుగొని నడుపును. చాల ఏండ్లు కంప్యూటరులు రెండు పద్ధతులను ఎరిగియుండెను. 2020 నాటికి పాత పద్ధతిని విడిచిపెట్టెదమని ఇంటెల్ సంస్థవారు 2017లో తెలిపిరి. మన క్రొత్త కంప్యూటరు ఆ మార్పునకు తరువాతిది.

మేము చెప్పి చేయించిన పెన్ డ్రైవు పాత పద్ధతికి తగినది. అందలి ఫైళ్లన్నియు ఎన్.టి.ఎఫ్.ఎస్. అను వేరొక ఏర్పాటులో నుండెను. మన యంత్రముయొక్క ఫర్మ్‌వేర్ దానిని చదువలేదు. కావున దాని దృష్టికి ఆ పెన్ డ్రైవు ఉన్నను లేనట్లే. ముఖము చూచి ఉత్తరమిచ్చు పాత తపాలా బంట్రోతు పోయి, చిరునామా చదివి ఇచ్చు క్రొత్తవాడు వచ్చియుండగా, మేము చిరునామా లేని ఉత్తరము వేసి, అది చేరలేదని అతనిని నిందించినట్లయ్యెను.

ఆ రాత్రియే జి.పి.టి. పద్ధతిని ఎంచుకొని పెన్ డ్రైవును మరల సిద్ధపరచితిమి. ఎఫ్ 12 నొక్కగానే పట్టికలో దాని పేరు కనబడెను. సెక్యూర్ బూట్ తీయవలసిన పనియే లేకపోయెను. ఇన్‌స్టాలరు తెర వచ్చినందుకు సంతోషింపవలసినది గాని, మాకు సంతోషము కలుగలేదు.

మరునాడు ఉదయమున ఆ బాలుని పిలిచి, "దోషము ఎచ్చట నున్నదో నీకు తెలిసినదా?" అని యడిగితిమి. అతడు కొంచెము తడబడి, "రెండవనాడే తెలిసినది మాస్టారూ. మీరు సెట్టింగులు మార్చుచుండగా, తెరమీద యు.ఇ.ఎఫ్.ఐ. అని మాత్రమే ఉండుట చూచితిని" అనెను. "మరి చెప్పలేదేమి నాయనా?" అంటిమి. "మీకు కోపము వచ్చునని చెప్పలేదు" అని మెల్లగా పలికెను.

ఈ మాట మమ్ము చాల బాధించెను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మేము చదువుకొన్న దినములలో, బాలుడు తప్పు సమాధానము చెప్పినపుడు కోపింపక, అతడట్లేల తలచెనో కనుగొనవలెనని మాకు బోధించిరి. ఇచ్చట బాలుడు తప్పు సమాధానమైన చెప్పలేదు. సరియైన ప్రశ్న నడిగెను. ఇరువది యేండ్లకు పైగా ఇతరులకు పాఠములు చెప్పిన మేము ఆ ప్రశ్నను వినలేదు. పోయిన రెండు దినములు పెద్దవి కావు. మాట్లాడదలచిన యొక బాలుని నోటిని మేమే మూయించితిమి. అదియే పెద్ద నష్టము. ఇంకెన్ని పర్యాయములు ఎందరి విషయమున అట్లు చేసితిమో లెక్క చెప్పజాలము.

అతనిని మందలించినది తరగతి యంతటి యెదుట. కావున క్షమాపణమును తరగతి యంతటి యెదుటనే చెప్పితిమి. "పెన్ డ్రైవును చెడగొట్టినది ఇతడు కాదు, మేము. ఇతడు అడిగిన ప్రశ్నయే సరియైనది" అంటిమి. తరగతి నిశ్శబ్దమయ్యెను. ఆ బాలుడు సిగ్గుపడి నేలవైపు చూచెను గాని, కూర్చుండునప్పుడు అతని ముఖము తేలికపడుట మేము గమనించితిమి. తరువాత దుకాణమువారికిని ఫోను చేసి, యంత్రమున లోపము లేదని ఒప్పుకొంటిమి.

ప్రియ విద్యార్థులారా! ఏ యంత్రమైన పని చేయనప్పుడు ఒక్కసారి ఒక్కదానిని మాత్రమే మార్చుడు, మార్చినది వ్రాసికొనుడు, తెరమీద నున్నదానిని తొందరపడక చదువుడు. ఒకచోట పని చేసిన వస్తువు వేరొకచోట పని చేయలేదన్నంత మాత్రమున, ఆ రెండవచోటు చెడినదని తలంపకుడు. రెండు చోట్లకును భేదమేమో విచారింపుడు. పెద్దలు విసుగుకొన్నను, మీకు కలిగిన సందేహమును మరియొక పర్యాయము మర్యాదతో అడుగుడు. తలిదండ్రులకును, మా తోడి ఉపాధ్యాయులకును మా మనవి ఒక్కటే: పిల్లవాడు "అట్లే ఉంచుదునా?" అని యడిగినప్పుడు, బదులు చెప్పుటకు ముందు ఒకసారి తెరవైపు చూడుడు.

ఆ నోటు పుస్తకము ఇప్పుడు కంప్యూటరు గదిలోనే యుండును. దానిని వ్రాయు బాధ్యతను ఆ బాలునికే ఇచ్చితిమి. మొదటి పుటలో అతడు జి.పి.టి. సంగతి అంతయు వ్రాసి, ఎవరు పొరబడిరో మాత్రము వ్రాయక విడిచెను. దాని క్రింద మా పేరు మేమే వ్రాసితిమి.