ఉన్ని పురుగు తొడుగు

గత చలికాలం మద్రసా పెట్టెలోని ఉన్ని కంబళ్ళను తీసి ఎండలో వేయించాము. తెల్ల కంబళి ఒకటి జల్లెడవలె చిల్లులు పడి ఉన్నది. దానిని దులిపిన పదేళ్ళ విద్యార్థి, రాలిన పురుగులను నాలుగింటిని గాజుసీసాలో దాచుకున్నాడు. మరునాడు సబఖ్ అప్పగించలేక తడబడితే, ఆ సీసాయే కారణమని తలచి అందరి ఎదుటా కఠినంగా మందలించాము. సీసాను తీసేసుకున్నాము.

ఇషా నమాజు తరువాత దానిని దీపం దగ్గర పెట్టి చూశాము. బియ్యపు గింజంత తెల్లని తొడుగు. రెండు కొసలూ తెరచి ఉన్నాయి. లోపలినుండి తల చాచి, తన ఇంటిని తానే ఈడ్చుకుంటూ పురుగు నడుస్తున్నది. ఖుర్ఆన్‌లో తేనెటీగ, చీమ, సాలెపురుగు పేర్లతో సూరాలున్నాయని ఏళ్ళ తరబడి బోధించిన మేము, ఏ పురుగునూ అంతసేపు చూసి ఎరుగము.

తెల్లవారగానే బాలుని పిలిచి సీసా తిరిగి ఇచ్చాము. అతనితో కలిసి వాటిని పెంచాము. 18వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రవేత్త రెయోమ్యూర్ ఇటువంటి పురుగులకు రంగురంగుల ఉన్ని వేసి పరిశీలించాడు. మేమూ మొదట ఎర్ర ఉన్ని, పిదప ఆకుపచ్చ ఉన్ని వేశాము. పురుగు ఉన్నినే తింటుంది. ఆ పోగులనే తన నోటి పట్టుదారంతో కలిపి తొడుగు అల్లుతుంది. ఒళ్ళు పెరిగితే పాత తొడుగును పారవేయదు. కొసలకు కొత్త పోగులు చేర్చి పొడిగిస్తుంది. ఇరుకైతే పొడవునా చీల్చి, దర్జీ చొక్కాను వదులు చేసినట్లు అతుకు వేస్తుంది. కొన్ని వారాలకు తెలుపుకు ఇరువైపులా ఎరుపు, దాని అంచున ఆకుపచ్చ కనిపించాయి. చివరకు ఆ తొడుగులోనే ప్యూపాగా మారి, రెక్కల పురుగై వెలువడింది. రెక్కలు వచ్చాక అది ఇక ఏమీ తినదు. చిల్లులన్నీ దాని బాల్యంలోనివే.

ఖాళీ తొడుగును అరచేతిలో ఉంచుకుని బాలుడు అన్నాడు: "మొదటి తెలుపు పోలేదు, హజ్రత్."

మాకు మాట పెగలలేదు. ఏ తరగతిలో మందలించామో అక్కడే, అందరూ వింటుండగా, తొందరపడ్డామని అతనితో చెప్పి క్షమాపణ అడిగాము. అతను తల ఊపాడు. కాని మునుపు పాఠం మధ్యలో ప్రశ్నలడిగే ఆ గొంతు, ఈనాటికీ మా ఎదుట తగ్గే పలుకుతున్నది.

బిడ్డల ముందు మనం వేసే ప్రతి మాటా వారి తొడుగులో ఒక పోగు. తరువాత మంచి పోగులు చేర్చవచ్చు; మొదటిదాన్ని ఊడదీయలేము. ఇప్పుడు ఎవరిని మందలించవలసి వచ్చినా, పాఠం ముగిశాక ఒంటరిగా పిలిచి, ముందు వారి మాట వింటున్నాము.