ఏడిళ్ల తర్వాత

పిల్లి తన కూనల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. ఆ మాట పుట్టిన రోజుల్లో ఇళ్లకు అటకలుండేవి, పెరట్లో గడ్డివాములుండేవి, గాదె వెనక ఎవరి చెయ్యీ పడని సందులుండేవి. ఇప్పటి హైదరాబాద్ అపార్టుమెంట్లలో తల్లిపిల్లికి మిగిలింది సెల్లార్లో జనరేటర్ వెనకాల, పాత సోఫాల గుట్టలో, వానాకాలమైతే అప్పుడే ఆగిన కారు బానెట్ లోపల. అక్కణ్నుంచి వాచ్‌మన్ అదిలిస్తే ఇంకో చోటు. ఏడూ పూర్తయ్యేలోపే కూనలు తగ్గిపోతుంటాయి.

ఒకనాడు వాట్సాప్ గ్రూపులో ఫోటో పడుతుంది. అట్టపెట్టెలో కళ్లు తెరిచీ తెరవని కూనలు. దాని కింద "సో క్యూట్", "పాపం", వరసగా దండాల బొమ్మలు. "మా ఇంటికి తీసుకురండి" అన్న ముక్క మాత్రం రాదు. మనకు దయకేం కరువు లేదు. కరువల్లా కూనలకు ఓ నెలా రెండు నెలలు అరువిచ్చే స్నానాలగదికి.

(అసలు ఆ పెట్టె ఎత్తేముందు దూరంగా నిలబడి కాసేపు చూడాలి. తల్లి తిండికి వెళ్లి ఉండొచ్చు. అనాథలని మనం తెచ్చుకునేవాటిలో మనం అనాథల్ని చేసినవీ ఉంటాయి.)

తల్లి నిజంగానే లేదనుకోండి. మొదటి వారాల్లో రెండు మూడు గంటలకోసారి పాలు పట్టాలి, అర్ధరాత్రయినా సరే. పసిపిల్లలకు పట్టినట్టు వెల్లకిలా పట్టకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బోర్లా ఉంచే పట్టాలి. తాగాక తడిదూదితో మెల్లగా రుద్దితే తప్ప ఒంటికీ రెంటికీ పోలేవు. ఒళ్లు చల్లగా ఉంటే పాలు అరగవు, కాబట్టి అన్నిటికంటే ముందు వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టాలి. రోజూ తూస్తే పది గ్రాములైనా పెరగాలి.

ఆ పాలు ఆవుపాలో గేదెపాలో అయితే విరేచనాలు పట్టుకుంటాయి. కూనల కోసమే డబ్బాల్లో పాలపొడి దొరుకుతుంది. రాయలవారు ఇంటికో పిల్లినీ, దాని పాలకని ఓ ఆవునూ పంచారని తెనాలి రామలింగడి కథ. సర్కారు ఖర్చుతో ఇంటింటా పిల్లుల్ని సాకించిన పథకం నాకు తెలిసి అదొక్కటే. కాగే పాలు పెట్టి పిల్లిని పాలంటేనే పారిపోయేలా చేశాడని రామలింగణ్ని చూసి నవ్వుకున్నాం. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు పడవు గనక, ఆ పథకంలో అసలు దండగ ఆవే.

షెల్టర్లున్నాయి కదా అంటారు. అక్కినేని అమల 1992లో మొదలుపెట్టిన బ్లూక్రాస్ లాంటివి ఉన్నాయి, నిజమే. కానీ టీకా వేయడానికి మామూలుగా ఆరు వారాలైనా నిండాలి. ఈలోగా నాలుగు పిల్లుల మధ్యా ఉంచితే, ఒక్కదానికి పాన్‌ల్యూకోపీనియా అనే అంటువ్యాధి సోకినా గదిలో కూనలకు ముప్పే. పైగా మనిషంటే భయపడక్కర్లేదని పిల్లి నేర్చుకునేది రెండో వారం నుంచి ఏడో వారం దాకా. ఆ రోజులు ఒడిలో గడిచిన కూనను ఎవరైనా పెంచుకుంటారు; బోనులో గడిచింది చెయ్యి చాపితే బుస్సుమంటుంది.

ఇంతా చెప్పాక వచ్చే జవాబు ఒకటే: "పెంచి ఇచ్చేయాలంటే మనసొప్పదండీ." మర్యాదైన సాకు. పురిటికొచ్చిన కూతుర్ని అయిదో నెలలో పంపేటప్పుడు ఏ తల్లికి మనసొప్పింది? మనసొప్పక మొదటి కూననే ఉంచేసుకునేవాళ్లున్నారు. రెస్క్యూ చేసేవాళ్లు వాళ్లను "ఫోస్టర్ ఫెయిల్" అని నవ్వుతూనే అంటారు, లోపల మాత్రం దిగులే. ఆ ఇంటి తలుపు తర్వాతి కూనకు మూసుకున్నట్టే కదా. ఇక ఎవరూ తీసుకోక ఉండిపోయేది తరచూ నల్లదే. ఎదురొస్తేనే వెనక్కి తిరిగే జనం దాన్ని ఇంట్లో పెట్టుకుంటారా?

తల్లి దొరికితే దానికి ఆపరేషన్ చేయించాలి, కోలుకునేదాకా ఓ గది చూడాలి. లేకపోతే కొద్ది నెలల్లో అదే జనరేటర్ వెనక మళ్లీ పురుడు.

సంక్రాంతికి నగరం ఖాళీ అవుతుంది, పిల్లుల్ని కొన్నాళ్లు సాకే ఫోస్టర్ ఇళ్లతో సహా. కాలికి కట్టుతో ఉన్న పిల్లికి ఊరు లేదు. రెండు నెలలు కుదరదనేవాళ్లు పండగ వారమైనా దాన్ని చూసుకుంటామని అడగొచ్చు. మందు వేళకు వేసి, మట్టి ట్రే మార్చి, బాల్కనీ తలుపు మూసి ఉంచితే చాలు.