మినుము పీకిన చేలో ఇంజిను లేని విమానం

మినుము పీకాక మా చేలో ఆదివారాలు ఏం ఎగరేస్తున్నారని చాలామంది అడుగుతున్నారు. అది డ్రోను కాదు. మా మేనల్లుడి గ్లైడర్. రెక్కలు మూడు మీటర్లు. ఇంజినూ లేదు, పంకా లేదు. రిమోటు ఉంది గానీ అది తిప్పుకోవడానికే. మరి పైకెలా పోద్ది అంటే, వించ్ తోటి.

కారు సెల్ఫ్ మోటారుకి ఒక డ్రమ్ము, 12 వోల్టుల బ్యాటరీ, కాలితో తొక్కే స్విచ్చి. అంతే వించ్. డ్రమ్ము నుంచి నైలాన్ దారం గాలికి ఎదురుగా 200 మీటర్లు పోయి, నేలలో దిగ్గొట్టిన కప్పీ చుట్టి మళ్లీ మన దగ్గరికే వస్తది. మా చేను, పక్కన బాబాయి చేను కలిపితే ఆ పొడుగు సరిపోయింది. దారం కొసన చిన్న గుడ్డ గొడుగు, రింగు. ఆ రింగుని విమానం పొట్ట కింద కొక్కేనికి తగిలిస్తారు. మోటారు లాగితే గాలిపటంలా నిక్కి లేస్తది. కొక్కెం బరువు సరితూగే చోటుకి కాస్త ముందుండాలి. మరీ ముందుకైతే నిక్కదు, వెనక్కి జరిగితే పక్కకి తిరిగి నేలకి కొడతది.

తొక్కే పని నాది. మోటారే ఎత్తుతుందనుకుంటాం గానీ ఎత్తేది గాలే. తూర్పారబట్టిన వాళ్లకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. ముందు దారం సాగి బిగిసేదాకా తొక్కాలి. వాడు చెయ్యి వదలగానే గట్టిగా ఒక తొక్కుడు, తర్వాత కుట్టుమిషను తొక్కినట్టు కొద్దికొద్దిగా. చూపు రెక్కల మీదే. విల్లులా వంగాయంటే కాలు తీసెయ్యాలి. ఐదు నెలలు రాత్రిళ్లు కూర్చుని చేసిన రెక్కలు, నా కాలి బొటనవేలి కింద ఉన్నాయి!

బాగా పైకెళ్లాక వాడు ముక్కు కిందికి దించి, వేగం పట్టి, ఒక్కసారిగా పైకి లాగుతాడు. సాగిన దారం బలమంతా అందుకుని దూసుకుపోద్ది, రింగు జారిపోద్ది. ఆ తర్వాత గద్దలు తిరిగే చోటు వెతుక్కుంటాడు. కాగిన నేల మీంచి వేడిగాలి లేచేది అక్కడే కదా.

ఇప్పుడు అసలు సంగతి. మా చేనుకి తూర్పున లెవెన్ కేవీ లైను ఉంది. పైరగాలి ఉన్నన్నాళ్లు ఫర్లేదు. పడమటి గాలి తిరిగిందంటే గొడుగు, దారం అటే కొట్టుకుపోతాయి. అప్పుడు మా చేలో ఎగరెయ్యనివ్వనని వాడికి చెప్పేశాను. మొహం ముడుచుకున్నాడు. కాలవ అవతల, కరెంటు తీగలు లేని ఖాళీ చేను ఎవరికైనా ఉంటే చెప్పండి. అప్పటిదాకా ఆదివారం పొద్దున మా గట్టు మీదుగా పశువుల్ని తోలకండి, బండి తేకండి. ఆ దారం కంటికి ఆనదు.