మా చేలో దిగిన రోబో

రోబో అనగానే మనలో చాలామందికి సినిమా గుర్తుకొస్తుంది. నాకు మాత్రం తణుకు దగ్గర మా చేను, కిందటి సార్వాలో ఒక సాయంత్రం గుర్తుకొస్తాయి.

ఆ రోజు మా గట్టు మీదకి డ్రోన్ వచ్చింది. తెచ్చింది డ్వాక్రా సంఘంలోని ఒక అక్క. 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో ‘నమో డ్రోన్ దీదీ’ పథకాన్ని ఆమోదించింది కదా, అలా వచ్చినదే. ఆమె తెర మీద చేను హద్దులు గీసింది. అంతే! ఆ యంత్రం తనంతట తానే లేచి, ఉపగ్రహాల సంకేతాలతో దారి చూసుకుంటూ, అరకతో సాళ్ళు తోలినట్టు వరసగా తిరిగి ఎకరానికి పది నిమిషాల్లో మందు కొట్టేసింది. పట్టిన నీళ్ళు పది లీటర్లు. చేత్తో అయితే సుమారు రెండువందల లీటర్లు మోయాలి.

ఇన్నాళ్ళూ అలా మోసినాయన నాన్నగారి పక్కనే నిలబడి చూస్తున్నారు. నేను పుట్టకముందు నుంచీ మా చేలకు మందు కొట్టేది ఆయనే. నేను బాబాయ్ అంటాను. వీపున ట్యాంకు, ముక్కుకు తువ్వాలు, అదే ఆయన రక్షణ కవచం. నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక మధ్యాహ్నం కళ్ళు తిరిగి బోదె గట్టున పడిపోయారు. ఆసుపత్రిలో రెండు రోజులున్నారు. అప్పుడు నాకు ముందుగా వచ్చిన ఆలోచన, మిగిలిన చేనుకు మందు ఎవరు కొడతారా అని. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

అందుకే డ్రోన్‌ను చూసి ఉత్సాహంగా, “బాబాయ్, ఇక మీకా విషం బాధ లేదు” అన్నాను.

“నిజమేనండి అబ్బాయిగారూ. విషం తప్పింది, కూలీ కూడా తప్పిందండి” అన్నారాయన. కోపంగా అనలేదు. కాసేపాగి, “సుడిదోమ ఆకుల మీద ఉండదండి, దుబ్బు మొదట్లో ఉంటది. అక్కడ మందు తగిలిందో లేదో దానికెలా తెలుత్తదండి?” అన్నారు.

నేను ఫిజిక్స్ విద్యార్థిని కదా! రెక్కల గాలి కిందికి తోస్తుందనీ, ఆ గాలితో మందు తుంపరలు దుబ్బుల్లోకి దిగుతాయనీ వివరించాను. ఆయన బదులు చెప్పకుండా చేలో దిగి దుబ్బులు విడదీశారు. పైన ఆకులు తడిశాయి. పైరు బాగా ఒత్తుగా ఉన్నచోట మొదళ్ళు పొడిగా ఉన్నాయి. నేను నోరు మూసుకున్నాను. ఆ అక్క కూడా వంగి చూసి, “ఈసారి నీళ్ళు పెంచి కొడదామండి” అంది.

2015లో ఐక్యరాజ్యసమితి దేశాలు 2030 నాటికి సాధించాలని 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు పెట్టుకున్నాయి. రెండవది ఆకలి లేకుండా చేయడం. ఎనిమిదవది అందరికీ గౌరవప్రదమైన పని. పుస్తకంలో ఇవి ఒకదాని కింద ఒకటి చక్కగా ఉంటాయి. మా గట్టు మీద మాత్రం ఒకదానికొకటి ఎదురుగా నిలబడ్డాయి.

డ్రోన్ వద్దని నేననను. ఆ ట్యాంకు ఆయన వీపు మీదకి మళ్ళీ ఎక్కాలని ఎవరు కోరుకుంటారు? కానీ డ్రోన్ పైలట్ కావాలంటే పదో తరగతి పాసవ్వాలి. ఆయన ఐదుతో ఆపేశారు. ఈ దాళ్వాలో నాన్నగారు మందుకు ముందొకసారి, తర్వాతొకసారి పురుగు చూడటానికి ఆయన్నే పిలిచి రోజుకూలీ ఇస్తున్నారు. అది పాత రాబడిలో సగం కూడా కాదు. నలుగురు రైతులు పిలిస్తే కొంత నిలబడుతుంది. పిలుస్తారో లేదో మరి.

మిత్రులారా! మనలో కొందరు రేపు యంత్రాలు తయారు చేస్తారు, కొందరు కొంటారు. నీళ్ళెన్ని మిగిలాయి, నిమిషాలెన్ని మిగిలాయి అని లెక్క కట్టేటప్పుడు, గట్టు మీద మిగిలిపోయిన మనిషిని కూడా ఆ లెక్కలో వేయండి. సైన్సు చదివినవాళ్ళం, లెక్క సగంలో వదిలేయకూడదు గదా!

— తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి