పిచ్చుకల వాటా

కృష్ణా డెల్టాలో పిట్టలకు మేత కట్టే కాలం వరి కోతలతో మొదలవుతుంది. నగరం, రేపల్లె, తెనాలి, బాపట్ల వైపు పల్లెల్లో సార్వా పంట ఇంటికి చేరే వేళ కొన్ని కంకులు విడిగా కోసి, కుచ్చులుగా అల్లి వసారా దూలానికో గుడి మండపానికో వేలాడదీయడం పాత అలవాటు. సంక్రాంతి దాటి మాఘం నడిచే రోజుల్లో తెల్లవారుజామున మంచు పొలాలను కమ్మేస్తుంది. ఎండ పొడిచాక పిచ్చుకలు కుచ్చు మీద వాలతాయి. తలకిందులుగా వేలాడుతూ గింజను ముక్కుతో నలిపి, ఊక రాల్చి, బియ్యం మింగుతాయి. అరుగు మీద పడే ఆ ఊకను ఊడ్చుకోవలసింది మాత్రం ఇంటివాళ్లే.

మిగతా పిట్టల రుచులు వేరు. గోరింకలు అన్నం మెతుకులకూ పురుగులకూ వస్తాయి. పికిలిపిట్టకు పండు కావాలి. తేనెపిట్ట గింజ ముట్టదు, మందార పూలకే పోతుంది. గింజలు తినే పిచ్చుకలు సైతం పిల్లలకు మొదట్లో పురుగులనే పెడతాయి. కాబట్టి పెరట్లో పురుగుమందు కొట్టి, చూరుకు కుచ్చు కట్టడం అర్థం లేని పని.

యంత్రంతో కోసిన చేలో కుచ్చు అల్లడానికి కంకులు మిగలవు. పెంకుటిళ్లు పోయి డాబాలు వచ్చాక గూటికి సందులూ తగ్గాయి. 2010 నుంచి మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినం జరుపుతున్నారు. మేత కట్టడానికి అందాకా ఆగనక్కరలేదు. యంత్రం చేలో దిగకముందే గట్టు వెంట నాలుగు పనలు చేత్తో కోసి ఉంచండి. కుచ్చు దగ్గర మట్టి మూకుడులో నీళ్లు పోసి, రోజూ మార్చండి.